యుద్ధ మహాచిత్రాలు, వెస్టర్న్‌లు: పేరు కన్నా ముందు ఏ కట్టో చూసుకోండి

'కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్' అన్న పేరుతో నిజానికి రెండు సినిమాలున్నాయి. 2005లో హాళ్లకొచ్చింది 144 నిమిషాలది. అందులో సిబిల్లా రాణి చివరికొచ్చేసరికి ఎందుకంతలా కుంగిపోయిందో చూసేవాళ్లకి అంతుపట్టదు. తర్వాత వచ్చిన డైరెక్టర్స్ కట్ (దర్శకుడు తన ఇష్టప్రకారం కూర్చిన వెర్షన్) మూడు గంటల పైమాట. అందులో ఆమెకో కొడుకున్నాడు. మేనమామ బాల్డ్విన్‌కున్న కుష్ఠు వాడికీ వచ్చిందని తెలిశాక తల్లి ఏం చేసిందన్నదే ఆ పాత్రకి ప్రాణం. హాల్లో ఆడిన ప్రింటులో ఆ పిల్లాడే లేడు. సినిమా బాగాలేదని ఒకరూ, అద్భుతమని ఒకరూ వాదించుకుంటుంటే ముందు అడగాల్సింది ఒక్కటే: మీరు ఏది చూశారు?

యుద్ధ మహాచిత్రాలకీ, వెస్టర్న్‌లకీ అంటే కౌబాయ్ సినిమాలకీ ఈ బెడద మిగతా వాటికన్నా ఎక్కువ. ఖర్చు ఎక్కువ, నిడివి ఎక్కువ. మూడున్నర గంటల బొమ్మ రోజుకి మూడాటలు పడడమే కష్టం, అరగంటో గంటో కోస్తే నాలుగో ఆట పడుతుంది. కోసినవాళ్లది ఆ లెక్క. దశాబ్దాల తర్వాత దొరికిన ముక్కలు మళ్లీ అతికించారు, కొన్నిచోట్ల అవసరం లేనివి కూడా. అందుకే 'టాప్ 10' జాబితా తిరగేసి పేరు పట్టుకోవడం కన్నా, ఆ పేరులో ఏ వెర్షన్ మీ ముందుందో, దాన్ని ఎంత తెర మీద చూస్తున్నారో, చేతిలో ఎన్ని గంటలున్నాయో తేల్చుకోవడం ముఖ్యం.

నిడివే గుర్తు

ఓటీటీ పేజీల మీద వెర్షన్ పేరు చాలాసార్లు ఉండదు. నిమిషాలు మాత్రం ఉంటాయి, వాటితోనే పోల్చుకోవాలి.

'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) మొదటి ప్రదర్శనకి సుమారు 222 నిమిషాలు. కొన్నాళ్లకే ఇరవై నిమిషాలు పోయాయి, తర్వాతి విడుదలకి 187కి దిగింది. 1989లో రాబర్ట్ హారిస్, దర్శకుడు డేవిడ్ లీన్ కలిసి తిరిగి కూర్చారు. కొన్ని సీన్లకి బొమ్మ దొరికినా శబ్దం దొరకలేదు. పీటర్ ఓటూల్, అలెక్ గిన్నెస్ పాతికేళ్లు దాటాక వచ్చి తమ మాటలు తామే మళ్లీ చెప్పారు. ఇప్పుడు దొరికేది దాదాపు అన్నిచోట్లా ఈ వెర్షనే. ఓవర్చర్, విరామ సంగీతం కలిపితే 227 నిమిషాల దాకా చూపిస్తుంది. మొదటి నాలుగైదు నిమిషాలు తెర నల్లగా ఉండి సంగీతం మాత్రమే వినిపిస్తే టీవీ పాడైందనుకోకండి, ముందుకి జరపకండి. హాల్లో జనం వచ్చి కూర్చునే సమయానికి పెట్టిన సంగీతం అది.

'అపోకలిప్స్ నౌ'కి మూడు రూపాలు. 1979 నాటిది రెండున్నర గంటలు. 2001లో వచ్చిన రిడక్స్‌లో 49 నిమిషాలు చేరాయి. 2019 ఫైనల్ కట్ 183 నిమిషాలు. మొదటిసారి చూసేవాళ్లు 1979దే చూడండి. కథంతా వియత్నాం యుద్ధంలో ఒక నది మీద పడవ ఎగువకి సాగడం. రిడక్స్‌లో ఫ్రెంచివాళ్ల తోట ఘట్టం వచ్చేసరికి పడవ కట్టేసి భోజనాల దగ్గర కూర్చోబెడతారు. వియత్నాం చరిత్ర తెలిసినవాళ్లకి ఆ మాటల్లో సరుకుంది, తెలియనివాళ్లకి నిద్రొస్తుంది. ఫైనల్ కట్‌లో తోట ఉంచి, రిడక్స్‌లో చేర్చిన ప్లేబాయ్ అమ్మాయిల రెండో సీనూ, ఆ పడవ వెతుక్కుంటూ వెళ్లే కర్ట్జ్ టైమ్ పత్రిక చదివే సీనూ తీసేశారు. రెండోసారికి అదే సరైనది. రిడక్స్‌ని మూడోసారికి అట్టిపెట్టుకోండి, లేదా వదిలేయండి.

'ద వైల్డ్ బంచ్' (1969) 145 నిమిషాలుంటేనే చూడండి. 135 దగ్గర ఉందంటే విడుదలయ్యాక కోసిన ప్రింటు. పోయిన పది నిమిషాల్లో పైక్‌కీ థార్న్‌టన్‌కీ మధ్య పాత కథ ఉంది: ఒకప్పటి జోడీలో ఒకడు తప్పించుకుని ఇంకొకడు ఎందుకు పట్టుబడ్డాడో చెప్పేది. అది లేకపోతే థార్న్‌టన్ వెంటపడ్డం ఉత్త ఉద్యోగంలా ఉంటుంది. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్'ది ఇదే తంతు. 165 దాకా ఉన్నది మంచిది. అమెరికాలో 145కి కోసి ఆడించినప్పుడు కథే తెగిపోయింది.

'హెవెన్స్ గేట్' (1980) పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది స్టూడియోని ముంచిన ఖర్చు. 149 నిమిషాల కోత చూస్తే ఆ చెడ్డపేరు న్యాయమే అనిపిస్తుంది. 2012లో పునరుద్ధరించిన 216 నిమిషాలది చూస్తే అంత తిట్టక్కర్లేదని తెలుస్తుంది.

ఇంతవరకూ చదివి పెద్దదే మంచిదని తీర్మానించుకోకండి. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' విషయంలో చిన్నదే మేలు. అమెరికాలో ఆడింది 161 నిమిషాలు. 2003లో దాదాపు మూడు గంటల వెర్షన్ తయారుచేశారు. కొత్తగా చేరిన సీన్లకి ఇంగ్లీషు మాట లేదు కనుక క్లింట్ ఈస్ట్‌వుడ్, ఈలై వాలక్ చేత డెబ్బైలూ ఎనభైల వయసులో డబ్బింగ్ చెప్పించారు. లీ వాన్ క్లీఫ్ అప్పటికే లేడు, ఆయన గొంతుని ఇంకొకరు అనుకరించారు. నడిమధ్యలో వాలక్ వేసిన టుకో గొంతు హఠాత్తుగా ముసలిదైపోతుంది! గుహలో టుకో మనుషుల్ని కూడగట్టే సీను రోమ్‌లో తొలి ప్రదర్శన తర్వాత దర్శకుడు లియోనేనే తీసేశాడు. ఆయన వద్దన్నదాన్ని మొదటిసారే నెత్తికెత్తుకోవడం దేనికి?

'డాన్సెస్ విత్ వుల్వ్స్' (1990) 181 నిమిషాలదే ఏడు ఆస్కార్లు తెచ్చుకుంది. 236 నిమిషాల పొడుగుదాంట్లో కోటలోని పాత సైనికులు ఎందుకు వెళ్లిపోయారన్నది చూపిస్తారు. ఖాళీ కోటకి హీరో ఒంటరిగా చేరినప్పుడు మనలో కలిగే 'ఇక్కడేం జరిగింది?' అన్న ప్రశ్నకి దాంతో గండి పడుతుంది. సినిమా ఇష్టమయ్యాక రెండోసారికి ఉంచుకోండి.

నిడివిని నమ్మేముందు ఒక చిన్న మెలిక. యూరప్ నుంచి వచ్చిన పాత డీవీడీల్లో సినిమాని సెకనుకి 24 ఫ్రేములకి బదులు 25తో నడుపుతారు. అంటే నూటికి నాలుగు పాళ్లు తగ్గుతుంది. 161 నిమిషాలది 154, 155 చూపిస్తే ఏదో కోశారని కాదు, తొందరగా నడుస్తోందంతే. గొంతులు కూడా ఓ పిసరు సన్నగా వినిపిస్తాయి.

తెర ఎంత, ఫ్రేమ్ ఎంత

55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68. లియోనే సినిమాల్లా 2.35 నిష్పత్తిలో (ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పు) తీసినవి దాని మీద 52 సెంటీమీటర్ల ఎత్తే పడతాయి, పైనా కిందా నల్లపట్టీలు. 32 అంగుళాల టీవీలో ఆ ఎత్తు 30 సెంటీమీటర్లకి పడిపోతుంది. పట్టీలు చూసి చిరాకుపడి రిమోట్‌లో 'జూమ్' నొక్కితే బొమ్మలో దాదాపు పావు వంతు పక్కలకి పోతుంది. వెస్టర్న్‌లో ఆ పక్కలే ప్రధానం. ముగ్గురు తుపాకీలు పట్టుకుని నిలబడితే ఇద్దరే మిగులుతారు.

'లారెన్స్'లో ఒమర్ షరీఫ్ ఎండమావిలోంచి వచ్చే షాట్ 65 ఎంఎం ఫిల్ము మీద, అందుకోసమే చేయించిన 482 ఎంఎం లెన్సుతో తీశారు. మొదట అది దిగంతం మీద నల్ల చుక్క. తర్వాత వణికే గీత, తర్వాత ఒంటె, తర్వాత మనిషి. ఫోనులో ఆ చుక్క కనిపించదు కాబట్టి రెండు నిమిషాల పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఫోను, ట్యాబ్ తప్ప లేనివాళ్లు ఈ సినిమాని వాయిదా వేసుకోవడం ఉత్తమం. 55 అంగుళాలకి ఆరేడు అడుగుల దూరంలో, దీపాలార్పి కూర్చుంటే కొంత న్యాయం జరుగుతుంది. దగ్గర్లో ఏ హాల్లోనైనా మళ్లీ వేస్తే సెలవు పెట్టయినా వెళ్లాలి.

చిన్న తెర ఉన్నవాళ్లకి దిగులక్కర్లేదు. ముఖాల మీద నడిచే గొప్ప సినిమాలున్నాయి. 'హై నూన్' (1952) 85 నిమిషాలు, నలుపు-తెలుపు, దాదాపు చతురస్రమైన ఫ్రేమ్. రైలు మధ్యాహ్నం 12కి వస్తుంది, కథలో గడియారం ఇంచుమించు మన గడియారంతో పాటే నడుస్తుంది. మధ్యలో ఆపితే పట్టు పోతుంది, కనుక భోంచేశాకే మొదలెట్టండి. యుద్ధంలో 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' (1957) ఇంకో మూడు నిమిషాలే ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం తన సైనికుల్నే కోర్టుమార్షల్ చేసే కథ. పనిరోజు రాత్రికి ఈ రెండింటినీ మించినవి లేవు.

వెస్టర్న్: మనకి దగ్గరి దారి

అమెరికన్ విమర్శకుల జాబితాలు దర్శకుడు జాన్ ఫోర్డ్‌తో మొదలవుతాయి. తెలుగువాళ్లు అలా మొదలెట్టక్కర్లేదు. మన కళ్లకి కౌబాయ్ అలవాటైంది 1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్లకు మోసగాడు'తో. కృష్ణ టోపీ, పాంచో, రాజస్థాన్ ఎడారి, నిధి కోసం ఒకణ్ణొకడు ముంచుకోవడం. ఆ సరుకు వచ్చింది లియోనే సినిమాల నుంచీ, 1969లో వచ్చి మన దేశంలో విరగబడి ఆడిన 'మెకన్నాస్ గోల్డ్' నుంచీ. కాబట్టి లియోనేతో మొదలెడితే సొంతూరికి పోయినట్టుంటుంది. 'మెకన్నాస్ గోల్డ్' మాత్రం జ్ఞాపకంలో ఉన్నంత గొప్పది కాదు. తెర ముందు నిలబెట్టి తీసిన గుర్రపు స్వారీలు ఇప్పుడు ఇట్టే తెలిసిపోతాయి. పిల్లలకి చూపించి 'మేం దీనికే ఈలలేశాం' అంటే నవ్వుతారు, సిద్ధపడండి.

'ద గుడ్, ద బ్యాడ్'కీ 'వన్స్ అపాన్'కీ మధ్య ఏది ముందంటే, మొదటిదే. అది వేగం, వెటకారం, మూడు పాత్రలు, ఒక సమాధి కింద బంగారం. పైగా అదే యుద్ధ సినిమా కూడా. కథ నడిచేది 1862 అంతర్యుద్ధంలో న్యూ మెక్సికో వైపు, బంగారం వేటగాళ్లిద్దరూ ఒక వంతెన దగ్గర రోజూ వందలమంది చచ్చే పోరులో ఇరుక్కుంటారు. ఈ వ్యాసంలోని రెండు రకాల్నీ ఒకే రాత్రి రుచి చూడాలనుకునేవాళ్లకి ఇదొక్కటి చాలు. (స్పెయిన్‌లో ఆ వంతెనని కెమెరాలు తిరగకముందే పొరపాటున పేల్చేశారు. పేల్చిన స్పెయిన్ సైన్యమే మళ్లీ కట్టిచ్చింది.) రెండోది వేరే లయ. మొదట్లో ముగ్గురు మనుషులు రైలు కోసం స్టేషన్‌లో కాచుకుని ఉంటారు: గాలిమర కిర్రుమంటుంది, టోపీ మీద నీటిబొట్టు పడుతుంది, ఒకడు ఈగని తుపాకీ గొట్టంలో పడతాడు. సంగీతం లేదు, మాట దాదాపు లేదు, పది నిమిషాలు. అది నచ్చితే మిగిలిన రెండున్నర గంటలూ నచ్చుతాయి. నచ్చకపోతే అక్కడే ఆపేయొచ్చు, సినిమా మారదు.

తర్వాత ఫోర్డ్. 'ద సెర్చర్స్' (1956) 119 నిమిషాలు. మాన్యుమెంట్ వ్యాలీని టెక్సస్ అని చూపించాడు, నవాహోల చేత కమాంచీ వేషాలు వేయించాడు. ఆదివాసుల్ని చూపిన తీరు చాలాచోట్ల ఇబ్బంది పెడుతుంది. కానీ ద్వేషంతో వెర్రెత్తిన ఈథన్‌ని జాన్ వేన్ చేత వేయించడమే ఆ సినిమా చేసిన పని. అప్పటిదాకా వేన్ అంటే హీరో అని నమ్మినవాళ్లకే అది గుచ్చుకుంటుంది. అందుకని దాని ముందు 'స్టేజ్‌కోచ్' (1939) చూడటం న్యాయం, గంటన్నరే. ఈస్ట్‌వుడ్ 'అన్‌ఫర్‌గివెన్' (1992) ఎప్పుడూ చివర్లోనే. ముసలి తుపాకీవాడు గుర్రం ఎక్కలేక పడిపోతుంటే నవ్వూ బాధా రావాలంటే వయసులో ఉన్న ఈస్ట్‌వుడ్‌ని లియోనే దగ్గర చూసి ఉండాలి. చివర అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు లియోనేనే.

'షోలే' నచ్చినవాళ్లకి ఇంకో దారి: జపాన్ దర్శకుడు కురొసావా 'సెవెన్ సమురాయ్' (1954). ఊరివాళ్లు బందిపోట్ల నుంచి కాపాడమని కిరాయి యోధుల్ని తెచ్చుకోవడం అక్కడి నుంచే 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్'కీ, అటు నుంచి 'షోలే' తీసిన రామనగర కొండల దాకా వచ్చింది. 207 నిమిషాలు, మధ్యలో విరామం సినిమాలోనే ఉంది. మాగ్నిఫిసెంట్ 128. టైముంటే మూలమే చూడండి, ఏ ఇంటికి ఎవరు కాపలా, ఏ దారి మూసేశారు, చచ్చిన బందిపోట్ల లెక్కకి కాగితం మీద ఎన్ని సున్నాలు కొట్టేశారు అన్న లెక్క మూలంలో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు.

యుద్ధం: కొండ మీంచా, గోతిలోంచా

యుద్ధ సినిమా ఎంచుకునేప్పుడు అడగాల్సిన ప్రశ్న: మొత్తం రణరంగం కనబడాలా, ఒక మనిషి ఊపిరి వినబడాలా? రెండూ ఒకే సినిమాలో బాగా కుదిరినవి తక్కువ.

మొదటిదానికి సోవియట్ దర్శకుడు బొందార్చుక్‌ని మించినవాడు లేడు. 'వాటర్లూ' (1970) సుమారు 134 నిమిషాలు. ఉక్రెయిన్‌లో ఉజ్‌హొరొద్ దగ్గర పొలాలు చదును చేసి, సుమారు పదిహేను వేల మంది నిజమైన సోవియట్ సైనికులకి నెపోలియన్ కాలం దుస్తులు తొడిగించి తీశాడు. ఫ్రెంచి గుర్రపు దళం బ్రిటిష్ కాల్బలపు చతురస్రాల చుట్టూ సుడులు తిరగడం ఆకాశం నుంచి చూస్తుంటే, ఆ వ్యూహం గుర్రాలకి ఎందుకు కొరుకుడు పడదో పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. దాని నాలుగు గంటల ప్రింటు ఎక్కడో ఉందన్న పుకారు వెంట పడకండి. అదే దర్శకుడి 'వార్ అండ్ పీస్' నాలుగు భాగాలు, ఏడు గంటలు. మొత్తం చూసే ఓపిక లేక యుద్ధమే కావాలంటే మూడో భాగం '1812' పెట్టుకోండి, గంటన్నర లోపే. నెపోలియన్‌తో రష్యా చేసిన బొరొదినో యుద్ధం అక్కడుంది. కానీ పియెర్ తెల్లటోపీతో ఫిరంగుల మధ్య ఎందుకు తిరుగుతున్నాడో తెలియాలంటే మొదటి రెండూ చూసి ఉండాలి.

నార్మండీ విషయంలో (1944లో మిత్రసేనలు ఫ్రాన్స్ తీరాన దిగిన చోటు) రెండు సినిమాల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. 'ద లాంగెస్ట్ డే' (1962) మూడు గంటలు, నలుపు-తెలుపు, జర్మన్లు జర్మన్‌లో, ఫ్రెంచివాళ్లు ఫ్రెంచిలో మాట్లాడతారు. పాత్రలు లెక్కపెట్టలేం. మొదలెట్టేముందు ఐదు నిమిషాలు మ్యాపు చూసి ఉటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వోర్డ్ తీరాల వరస గుర్తుపెట్టుకోకపోతే గంటకే దారి తప్పుతారు. 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' (1998) మొదటి పాతిక నిమిషాల ఒమాహాకి ఏ మ్యాపూ అక్కర్లేదు. ఎవరు ఎటు పోతున్నారో తెలియకపోవడమే అక్కడి విషయం. ముందు పెద్దది, తర్వాత ఇది. తిరగేస్తే 'లాంగెస్ట్ డే' కవాతులా కనబడుతుంది. 'డన్‌కర్క్' (2017) 106 నిమిషాలే గానీ నేల మీద వారం, సముద్రం మీద ఒక రోజు, గాల్లో ఒక గంట కలిపి అల్లాడు. మొదట్లో తెర మీద పడే ఆ మూడు పంక్తులూ చదవకుండా వదిలేస్తే తర్వాత పగలూ రాత్రీ ఎందుకు తారుమారవుతున్నాయో తెలియదు.

మనిషి లోపలి యుద్ధానికి 'దస్ బోట్' (1981). మూడు నిడివులు: 149, 208, టీవీ ధారావాహికగా 293. ఇక్కడ మాత్రం పెద్దదాని పక్షమే. జలాంతర్గామిలో పని అంటే ముప్పాతిక భాగం ఎదురుచూపే. దాన్ని కోస్తే మిగిలేది బాంబుల మోత. ఒక్క రాత్రికైతే 208, తీరిగ్గా నాలుగైదు రాత్రులు చూడగలిగితే 293. విశాఖ తీరంలో 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి మీద 2017లో వచ్చిన తెలుగు 'ఘాజీ' నచ్చి ఇంకా కావాలనుకునేవాళ్లు నేరుగా దీనికి రావొచ్చు. అది ఎత్తుకి పైఎత్తు, ఇది బూజు పట్టిన రొట్టె, చెమట, గడ్డాలు.

'కమ్ అండ్ సీ' (1985) వేరు. 1943 బెలారస్, ఒక కుర్రాడు, 142 నిమిషాలు. చివర్లో 628 ఊళ్లని మనుషులతో సహా తగలబెట్టారన్న వాక్యం తెర మీద పడుతుంది. ఇది యాక్షన్ సినిమా అనుకుని నలుగురితో, పిల్లలతో, బిర్యానీతో పెట్టుకోవద్దు. ఒంటరిగా, మర్నాడు సెలవున్న రోజు చూడాలి.

మాట, మోత, మెనూ

డబ్బింగ్ గురించి ఒకే సూత్రం లేదు. లియోనే సినిమాల్లో మాటలన్నీ తర్వాత అతికించినవే. తలా ఒక భాష మాట్లాడి తీశారు కనుక అసలు భాష అంటూ లేదు, ఈస్ట్‌వుడ్ పెదాలకి సరిపోయేది ఇంగ్లీషే. 'దస్ బోట్'కి ఇంగ్లీషు డబ్బింగ్ ఫర్వాలేదు గానీ జర్మన్‌లో, సబ్‌టైటిళ్లతో చూడడమే సరి. 'డాన్సెస్'లో ఆదివాసుల లకోటా భాష మాటలకి సబ్‌టైటిళ్లు రాకపోతే సెట్టింగ్‌లో 'ఫోర్స్‌డ్' అన్నది ఆన్ చేయండి, లేకుంటే సగం సినిమా మూగదవుతుంది. లియోనే డిస్కు కొంటే మోనో ట్రాక్ (పాత ఒంటి స్పీకరు శబ్దం) ఉందో లేదో చూడండి. కొన్నిటి 5.1లో (ఆరు స్పీకర్లకి చేసిన కొత్త శబ్దం) తుపాకీ మోతలు కొత్తవి పెట్టారు, ఆ పాత 'ఢిష్షుం' పోయింది. 'ద గుడ్, ద బ్యాడ్' 2014 నాటి 4కె రీమాస్టర్ బ్లూరేకి పచ్చకామెర్లొచ్చాయి, ఎడారీ ఆకాశమూ పసుపు కొడతాయి.

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అది వేస్తే చాలు. 'రయాన్' ఒమాహా సీన్లని కెమెరా షట్టర్ బాగా సన్నం చేసి తీశారు. అందుకే ఎగిరే ఇసుక, మట్టి ముక్కముక్కలుగా కళ్లల్లో గుచ్చుకున్నట్టుంటాయి. స్మూతింగ్ మధ్యమధ్య లేని ఫ్రేములు పుట్టించి దాన్ని సీరియల్లా నున్నగా చేసేస్తుంది. ఇంకోటి, ఇందులో మాట మెల్లగా, మోత గట్టిగా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి చూస్తుంటే సౌండ్‌బార్‌లో 'నైట్ మోడ్' పెట్టండి. లేదంటే మాట వినబడట్లేదని పెంచిన వాల్యూం మొదటి ఫిరంగికి పక్కింటి తలుపు తెరిపిస్తుంది.

'డన్‌కర్క్' బ్లూరేలో నల్లపట్టీలు వస్తూ పోతూ ఉంటాయి, అది ఐమాక్స్ కెమెరా షాట్ల వల్లే, టీవీ తప్పు కాదు. 'అపోకలిప్స్' పాత డీవీడీ మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దనండి. ఛాయాగ్రాహకుడు స్టొరారో పట్టుబట్టి రెండు పక్కలా కత్తిరించి 2.00 నిష్పత్తికి కుదించాడు, 2010 బ్లూరే నుంచే వెడల్పు ఫ్రేమ్ తిరిగొచ్చింది.